పొలిమేర చెరిగిన ఊరు

తిరువూరులో మా ఇంటి నడవలో పీట వేసి, ఆచమనము చేయించి, చేతిలో అక్షతలు ఉంచి పురోహితుడు సంకల్పము చెప్పించునప్పుడు, చిన్ననాటి నుండియు నా మనస్సు ఒక చోట ఆగిపోవుచుండెడిది. శ్వేతవరాహకల్పము, వైవస్వత మన్వంతరము, కలియుగ ప్రథమపాదము అని కాలమును కొండంతగా చూపిన తరువాత, ఆయన దేశమును చెప్పుటకు మొదలు పెట్టును. జంబూద్వీపము, భరతవర్షము, భరతఖండము, మేరువునకు దక్షిణదిశ, శ్రీశైలమునకు ఈశాన్యదిశ, కృష్ణా గోదావరుల నడిమి నేల అని విశాలమైన భూమండలమును క్రమముగా కుదించుచు వచ్చి, అటుపిమ్మట ఒక్క అడుగులో మా ఇంటి లోనికి వచ్చి, దేవతల సన్నిధిలో నిలుచును. నదులకును ఇంటికిని నడుమ ఉండవలసిన ఊరి పేరు, మా ఇంట నేను వినిన సంకల్పములో ఎన్నడును వినబడలేదు.

అది లేకపోవుట యొక్క అర్థము పెద్దవాడనైన తరువాత గాని నాకు తెలియలేదు. మా పెద్దల కాలమున తిరువూరు మదరాసు రాజ్యములోనిది, నిజాము రాజ్యపు సరిహద్దున ఉన్నది. 1953లో ఆంధ్ర రాష్ట్రములోనిది, 1956లో ఆంధ్రప్రదేశములోనిది. 2011లో నగర పంచాయతీ అయినది. 2014లో ప్రక్కనున్న ఖమ్మము జిల్లా వేరు రాష్ట్రములోనిది కాగా మరల సరిహద్దు ఊరైనది. 2022 ఏప్రిలులో కృష్ణా జిల్లా నుండి విడివడి ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. ఇన్ని రాజ్యములు, ఇన్ని జిల్లాలు మా మీదుగా నడచిపోయినను మేము కూర్చున్న పీట కదలలేదు. సంకల్పములో ఒక్క అక్షరమును మారలేదు. ఊరు అనునది ఏలికలు పెట్టిన పేరు, నది ఏలికలకు లోబడనిది అని ఆ సంకల్పమును కూర్చిన మహనీయులు ఎరిగి ఉందురని నాకు తోచుచుండెడిది. చాలకాలము ఆ సమాధానముతోనే తృప్తి పడియుంటిని. ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న ఆ తృప్తిని భంగపరచినది.

మా అక్కయ్య పెండ్లియై సికింద్రాబాదు కాపురమునకు వెళ్లి ఏబది ఏండ్లు దాటినది. మొన్నటి ఆషాఢమున, లష్కరు బోనాలకు ముందటి శనివారము సాయంకాలము, నేను ఆమె ఇంటికి చేరునప్పటికి ఆమె మనుమడు బడికి ఇయ్యవలసిన ఒక కాగితము ముందు వేసికొని కూర్చున్నాడు. ఇంటి నెంబరు, వీధి వ్రాసినాడు. ఊరు అన్నచోట కలము ఆగినది. వాని తండ్రి హైదరాబాదు అని వ్రాయుమన్నాడు. మా అక్కయ్య వంటింటిలో నుండియే సికింద్రాబాదు అని వ్రాయుమన్నది. వాడు ఇద్దరి మాటయు విని, నా వైపు తిరిగి, "రెండూ ఒకటే ఊరైతే రెండు పేర్లెందుకు తాతయ్యా? రెండు ఊళ్లయితే మధ్యలో ఎక్కడా ఆగకుండా బస్సు ఎట్లా పోతుంది?" అని అడిగినాడు. వేదాంత గ్రంథములు చదివితినను అభిమానము కొంత నాకును కలదు. అయినను ఆ రాత్రి వానికి నేను ఏమియు చెప్పలేకపోతిని.

సికింద్రాబాదు మిక్కిలి పురాతనమైన నగరము కాదు. పదునారవ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్ షా కాలమున కట్టించిన హుస్సేన్ సాగరమునకు దక్షిణముగా, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదును నిర్మించిన తరువాత రెండు వందల ఏండ్లకు పైగా, ఆ చెరువునకు ఉత్తరమున ఉన్న రాతినేల మీద నగరమనదగినది లేదు. 1798లో నిజాము అలీఖాను ఇంగ్లీషు కుంపిణీతో ఒడంబడిక చేసికొనగా, కుంపిణీ పటాలములు వచ్చి ఆ నేల మీద గుడారములు వేసినవి. 1806లో, అప్పటి నిజాము సికందర్ జా పేర, ఆ దండు విడిదికి సికింద్రాబాదు అను పేరు కలిగినది. ప్రజలు మాత్రము రాజు పేరును ప్రక్కనపెట్టి, కన్నులకు కనబడినదానినే పేరుగా చేసికొని, దానిని లష్కరు అన్నారు. లష్కరు అనగా దండు. దండు వెంట డోలీ మోయువారు, గుఱ్ఱములకు గడ్డి కోయువారు, బట్టలు కుట్టువారు, సరకులు సమకూర్చు మొదలియారులు, పార్సీ వర్తకులు వచ్చిరి. 1874లో రైలు వచ్చినది. చెరువునకు ఆవల నిజాము ఏలుబడి, ఈవల దొరల ఏలుబడిగా ఒకే ఆకాశము క్రింద రెండు లోకములు నూటనలుబది ఏండ్లు ప్రక్క ప్రక్కనే బ్రతికినవి. 1945లో దండు ప్రదేశమునకు వెలుపలనున్న పట్టణము నిజాము ప్రభుత్వము క్రింద పురపాలక సంఘమైనది. 1950లో కార్పొరేషను అయినది. 1960లో హైదరాబాదు కార్పొరేషనులో విలీనమైనది. లెక్కించి చూడగా, తనదైన పురపాలక సంస్థతో ఆ ఊరు జీవించినది పదునైదేండ్లు మాత్రమే. ఆ సంస్థ పోయి ఇప్పటికి అరువది ఏండ్లు దాటినది. ఇంకను ఆ కాగితము మీద కలము ఆగుచున్నది.

నదులు సాగరమున కలిసి పేరును రూపమును విడుచుటను ముండకోపనిషత్తు ముక్తికి ఉపమానముగా చెప్పినది. ఛాందోగ్యములో ఉద్దాలకుడు శ్వేతకేతువునకు మట్టిని చూపి, కుండ అనునది మాటచే ఏర్పడిన వికారమనియు మట్టియే సత్యమనియు బోధించినాడు. ఈ రెండు ఉపమానములను పట్టుకొని, సికింద్రాబాదు ఒక కుండ, హైదరాబాదు మరియొక కుండ, రెండును నామరూపములే, కలిసిపోయినందుకు వగవనేల అని పిల్లవానికి చెప్పవచ్చును. కాని ఆ మాట నా నోట రాలేదు. రానందుకు కారణమును వెదకగా, ఉపమానములో లేని దోషము నా అన్వయములో కనబడినది. నది తన స్వభావము చేత, తన వాలు వెంట, తానై సముద్రమునకు నడచిపోవును. ఊరు అట్లు నడువదు. ఇచ్చట సముద్రమే నది యొద్దకు నడచివచ్చినది. తీరము దాటి నడచివచ్చు సముద్రమునకు మన పురాణములు వేరొక పేరు పెట్టినవి. నగరము వచ్చుటను నేను ప్రళయమనను; దానితో మంచినీటి గొట్టము వచ్చును, వీధి దీపము వచ్చును, ఆస్పత్రి దగ్గరయగును; వానిని కోరనివారెవరు? అయినను అది ముక్తి కాదు. ముక్తుడైనవానికి తిరిగి చేయవలసిన కర్మము లేదు. విలీనమైన ఊరికి కర్మములన్నియు మిగిలియే ఉన్నవి: చెత్త ఎత్తవలెను, పన్ను కట్టవలెను, మురుగు పారవలెను. వానిని గూర్చి నిర్ణయించు అధికారము మాత్రమే దాని చేతిలో లేదు.

తిరువూరు నుండి బెజవాడకు బస్సెక్కినవారికి ఈ నడచివచ్చిన సముద్రము ప్రత్యక్షముగా కనబడును. ఏ. కొండూరు, మైలవరము దాటి, ఇబ్రహీంపట్నము దగ్గర హైదరాబాదు రోడ్డు కలిసిన తరువాత, పొలములు ఎక్కడ ఆగినవో నగరము ఎక్కడ మొదలైనదో తెలియకుండగనే బస్సు భవానీపురము చేరును. 1888లో పురపాలక సంఘమై, 1981లో కార్పొరేషను అయిన బెజవాడ, 1985లో భవానీపురము, పటమట, గుణదల పంచాయతీలను, పాయకాపురము, కుందావారి కండ్రిక గ్రామములను తనలో కలుపుకొన్నది. నలుబదేండ్లయినను కండక్టరు "భవానీపురం దిగేవాళ్లు ముందుకు రండి" అని కేక వేయుచునే ఉన్నాడు. పేరు నిలిచియున్నది, నిజమే. అయితే పేరు నిలుచుటయే ఊరు నిలుచుట యగునా? తాత పేరు మనుమనికి పెట్టుకొందుము; పేరు వినబడుచున్నదని తాత బ్రతికియున్నాడని అనము. కండక్టరు పిలుపు దిగవలసిన చోటును తెలుపును. దిగిన చోట ఊరున్నదో లేదో అది చెప్పజాలదు.

ఇట్టి సంశయము కలిగినప్పుడు వ్యాకరణము కొంత సాయము చేయును; ఏలయన రెండు కలిసి ఒకటి అగుట ఎట్లో వైయాకరణులు ఆలోచించినంతగా మరెవ్వరును ఆలోచించి ఉండరు. రాముడు, అక్కడ అను రెండు మాటలు కలిసి రాముడక్కడ అయినప్పుడు ముందుమాట కడపటి అచ్చు లోపించును. పోయిన అచ్చు ఎక్కడికి పోయినదని ఎవరును అడుగరు. అయినను రాముడు రాముడుగనే ఉండును. దేవ, ఆలయ శబ్దములు కలిసినప్పుడు ఏ అచ్చును ఓడిపోదు. రెండును కలిసి ఒక దీర్ఘమగును. సమాసములలోనికి వచ్చునప్పటికి భేదము ఇంకను స్పష్టము. తత్పురుషములో రెండవ పదము యొక్క అర్థమే ప్రధానము. మొదటిది దానికి విశేషణమై ఒదిగియుండును. ద్వంద్వములో రెండు అర్థములును ప్రధానములే. అందుచేతనే తల్లిదండ్రులు, అన్నదమ్ములు, సీతారాములు అని ద్వంద్వమునకు మన భాషలో బహువచనము వచ్చును. 1960 నాటి విలీనము హైదరాబాదు సికింద్రాబాదులను ఏకవచనము చేసినది. ప్రజల నాలుక మాత్రము జంటనగరాలు అని బహువచనమును విడువలేదు. ప్రభుత్వమునకును ఈ విషయమున ఒక్క మాట లేదు. నగరము ఒకటైన ఆరేండ్లకు, 1966లో, దక్షిణమధ్య రైల్వే ఏర్పడినప్పుడు ముఖ్యస్థానము సికింద్రాబాదు అని వ్రాసికొన్నారు. పార్లమెంటు నియోజకవర్గము ఇంకను ఆ పేరనే ఉన్నది. 2007లో హైదరాబాదు చుట్టునున్న 12 పురపాలక సంఘములు మహానగరములో కలిసినప్పుడు మాత్రము అది ద్వంద్వము కాలేదు, తత్పురుషమే అయినది. కూకట్‌పల్లినిగాని, మల్కాజిగిరినిగాని ఎవరును జంట అనలేదు. ఒక ఊరికి ద్వంద్వములో చోటు దొరికి, మరియొక ఊరికి దొరకకపోవుటకు హేతువేమి? వ్యాకరణము ఈ ప్రశ్న వరకు తెచ్చి, అక్కడ చేయి విడిచినది.

వేదాంతులు ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు అను వాక్యమును విచారింతురు. ఎప్పుడో కాశిలో చూచిన దేవదత్తుని నేడు మన ఊరిలో చూచితిమనుకొనుడు. ఆనాటి కాలము, ఆ దేశము వేరు. ఈనాటి కాలము, ఈ దేశము వేరు. విరుద్ధములైన ఆ అంశములను త్యజించి, రెంటను ఉన్న ఒక్క మనిషిని గ్రహింపవలెనని వారి నిర్ణయము. ఆ సికింద్రాబాదే ఈ సికింద్రాబాదు అని ఇదే రీతిని చెప్పబోయి చూడుడు. 1806 నాటి గుడారములు లేవు. నాటి మనుష్యులలో ఒక్కరును లేరు. మేడలు పోయి మేడలు వచ్చినవి. వీధుల పేర్లు మారినవి. జేమ్సు వీధి మహాత్మాగాంధీ రోడ్డు అయినది. త్యజింపవలసినవన్నియు త్యజించిన తరువాత చేతిలో మిగులునదేది? మిలిందునితో సంవాదమున నాగసేనుడు రథమును చూపి, చక్రము రథమా, ఇరుసు రథమా, కాడి రథమా అని ఒక్కొక్కదానినే అడిగి, విడిగా రథమనునది ఏదియు లేదని రాజు చేతనే ఒప్పించినాడు. ఊరిని ఆ భిక్షువునకు అప్పగించినచో అది రథము కంటె త్వరగా విడిపోవును. ఈ తర్కమును నేను తేలికగా తీసివేయలేను. కృష్ణాతీరపు బౌద్ధము మా ప్రాంతమునకు పరాయిది కాదు. కాని నాగసేనుడు రథము యొక్క భాగములను అడిగినాడు గాని, ఆ రథము ఎక్కి ఎవరు ఎవరికి ఏ మాట యిచ్చి బయలుదేరినారో అడుగలేదు. ఊరి ఉనికి ఆ అడుగని ప్రశ్నలో ఉన్నదని నా నమ్మకము.

మన న్యాయస్థానములలో మనుష్యులు కానట్టి వ్యక్తులు ఇద్దరు తరచుగా కనబడుచుందురు. ఒకరు నగరపాలక సంస్థ, రెండవవారు దేవాలయములోని దేవత. ఇద్దరికిని ఆస్తి ఉండును. ఇద్దరును వ్యాజ్యము వేయగలరు. ఇద్దరి పక్షమునను ఇతరులే మాటాడవలెను. 1925లో ప్రివీ కౌన్సిలు వంగదేశపు ఒక కుటుంబ విగ్రహమును గూర్చి తీర్పు చెప్పుచు, విగ్రహము చట్టదృష్టిలో ఒక వ్యక్తి యనియు, తాను ఎక్కడ ఉండవలెనను విషయమున దాని ఇచ్ఛను కూడ మన్నింపవలెననియు నిర్ణయించినది. దేవుని ఇచ్ఛను పరదేశపు న్యాయమూర్తులు మన్నింపుమనుట విని మన పెద్దలు ఆశ్చర్యపడి యుందురు. నాకు మాత్రము అందులో మన ఆగమముల భావమే మరియొక భాషలో వినబడుచున్నది. ఈ ఇద్దరు వ్యక్తులలో భేదము పుట్టుకలో ఉన్నది. నగరపాలక సంస్థ శాసనము చేత పుట్టును, మరియొక శాసనము చేత గతించును. గతించినందుకు మైల పట్టువారు లేరు. దేవత ప్రతిష్ఠ చేత వచ్చును. ప్రతిష్ఠకు మూలము ఒకరి సంకల్పము, ఒకరి మ్రొక్కు. మ్రొక్కును రద్దుచేయు శాసనము ఏ శాసనసభలోను పుట్టదు. ఆ మ్రొక్కు ఎవరికి చెల్లవలెనో వారికి చెల్లువరకు, ఎవరు చెల్లింపవలెనో వారి వంశమున అది ఋణమై నిలిచియుండును.

లష్కరులోని ఉజ్జయినీ మహంకాళి కథ ఇట్టి ఋణము కథయే. పటాలములో డోలీ మోయు సురిటి అప్పయ్య అనునతడు 1813లో దండుతో ఉజ్జయినికి పోయి ఉండగా అక్కడ కలరా వ్యాపించినది. ఈ జాడ్యము శాంతించినచో తన ఊరిలో నిన్ను ప్రతిష్ఠించి కొలుచుకొందునని అతడు అక్కడి మహాకాళికి మ్రొక్కుకొన్నాడనియు, 1815లో తిరిగివచ్చి కొయ్య విగ్రహమును నిలిపినాడనియు ఆలయచరిత్ర చెప్పుచున్నది. 1864లో ఆ కొయ్య విగ్రహమునకు బదులు శిలావిగ్రహము ప్రతిష్ఠితమైనది. తన ఊరిలో అని అతడు మ్రొక్కినప్పటికి ఆ ఊరికి పేరు పెట్టి ఏడేండ్లే అయినది. గుడారముల నడుమ బ్రతుకుచున్న ఒక బోయీ దానిని తన ఊరు అన్నాడు. రాజు ఆజ్ఞలో సికింద్రాబాదు పేరు మాత్రమే పొందినది. ఊరు అయినది మాత్రము ఆ మాట పలికిననాడే అని నేను అందును. కొయ్య పోయి శిల వచ్చినప్పుడు దేవత మారినదా? మారలేదని గుడికి వచ్చువారందరును ఎరుగుదురు. ఆగమములు దీనికి విధానమును కూడ చెప్పినవి: జీర్ణమైన బింబమును తొలగింపవలసి వచ్చినప్పుడు అందలి కళను మంత్రపూర్వకముగా ఆకర్షించి, కలశోదకములో నిలిపి, బాలాలయమున పూజలు ఆగకుండ జరిపించి, నూతన బింబమున తిరిగి ప్రతిష్ఠింతురు. ద్రవ్యము మారును, సన్నిధి మారదు. కాని ఆ నడిమి కాలములో నీటికుండను చేతపట్టుకొని నిలుచు మనిషి ఒకడు తప్పక ఉండవలెను.

జంటనగరాల ఆషాఢ పంచాంగమును చూచినచో ఈ సంగతి తేటపడును. మొదట గోలకొండలో జగదంబకు బోనము. అటుపిమ్మట ఒక ఆదివారము లష్కరులో మహంకాళికి. ఆ తరువాతి ఆదివారము పాతనగరములో లాల్‌దర్వాజా సింహవాహినికి. గోలకొండ రాజధాని కాకపోయి మూడు వందల ఏండ్లు దాటినది. సికింద్రాబాదు కార్పొరేషను కాకపోయి అరువది ఏండ్లు దాటినది. దేవతల లెక్కలో మూడు ఊళ్లును ఇంకను మూడు ఊళ్లే. ఒకరి వారము ఒకరు తీసికొనరు, ఒకరి హద్దులో ఒకరు అడుగిడరు. ఏకనగరము అయినందున బోనాలు కూడ ఒకే ఆదివారము జరుపుదమని అన్నచో ఎవరు ఒప్పుకొందురు? కాగితము మీద చెరిగిన పొలిమేర ఆషాఢమున నేల మీద మరల మొలచును.

ఇది ఒక్క మతమునకు సంబంధించిన మాటయని తలపరాదు. 1985లో బెజవాడలో కలిసిన గుణదల కొండ మీద, 1924లో ఆర్లాటి అను ఇటలీ దేశపు పాదిరీగారు మేరీమాత విగ్రహమును నిలిపినారు. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు కాలినడకన వచ్చువారిలో మా తిరువూరు ప్రాంతపు పల్లెలవారును ఉందురు. తలనీలాలు ఇచ్చి, కొబ్బరికాయలు కొట్టి, కొవ్వొత్తులు వెలిగించి వారు మ్రొక్కులు తీర్చుకొందురు. దారిలో ఎవరిని అడిగినను గుణదలకు పోవుచున్నామందురు గాని బెజవాడకు పోవుచున్నామనరు. కొండ మీది తల్లి ఉన్నంతవరకు క్రింది పంచాయతీ కార్యాలయము మూతపడినను గుణదల గుణదలగనే ఉండును.

అయితే నా మాటకు ఎదురుగా నిలుచు నిదర్శనములు లేకపోలేదు, వానిని దాచుట ధర్మము కాదు. మహానగరమున కలిసిన ఒక పాత పల్లెలో, నాలుగు వీధుల కూడలిలో, ఆ ఊరి బొడ్రాయిని చూచితిని. ఊరు పుట్టిననాడు నడిబొడ్డున నాటి, పసుపు కుంకుమలు పెట్టి, దాని చుట్టునే ఇండ్లు కట్టుకొన్న నాభిశిల అది. తారు మీద తారు, సిమెంటు మీద సిమెంటు వేయుచు రోడ్డు మూరెడు పెరుగగా, ఆ రాయి గుంటలో పడినట్లు క్రిందికి పోయినది. గుంటలో వాననీరు నిలిచియున్నది; నీటిపైన ఒక ప్లాస్టికు సంచి తేలుచున్నది. ఆ రాతికి ఊరువారు ఇచ్చిన మాట ఎవరి దగ్గర ఉన్నది? అద్దె ఇండ్లలోనికి నిన్న వచ్చినవారికి ఆ మాట తెలియదు. తెలిసినవారు పొలములు అమ్ముకొని ఎటో వెళ్లిపోయిరి. భీమునిపట్నములో డచ్చివారి సమాధులు సముద్రపు గాలికి అరిగి నిలిచియున్నవి. 1861లోనే పురపాలక సంఘమైన ఆ పట్టణము 2013లో విశాఖ మహానగరములో కలిసినది. ఆ సమాధుల క్రిందివారు ఎవరికి ఏమి మాట ఇచ్చిరో అడుగుటకు వారి బిడ్డలు ఆ ఊరిలో లేరు. కనుక మ్రొక్కు శాశ్వతమైనదని నేను చెప్పజాలను. శాసనము దానిని చంపలేదు, మరపు చంపగలదు. పొలిమేరలు చెరిపిన అధికారుల మీద కోపపడుట సులభము. గుంటలోని ఆ రాయి ముందు నిలిచినప్పుడు నాకు కోపము రాలేదు, సిగ్గు కలిగినది. దినమును దాని ప్రక్కగనే వందలమంది పోవుచున్నారు. ఆ సంచిని తీయుటకు కార్పొరేషను అనుమతి అక్కరలేదు. నేను వంగి దానిని తీసితిని. రాయి మీద ఒక చిన్న పసుపు చుక్క, నీటిలో నాని, ఇంకను ఉన్నది. ఎవరో పెట్టుచున్నారు.

ఆదివారము తెల్లవారుజామున అక్కయ్య తలంటుకొని, క్రొత్త కుండలో పాలు, బెల్లము వేసి బియ్యము వండినది. కుండకు సున్నము పూసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, కంఠమునకు వేపమండలు కట్టి, పైన మూకుడులో దీపము వెలిగించినది. తిరువూరులో పుట్టిన మాకు ఈ ఆచారము పుట్టినింటిది కాదు. అత్తగారు నేర్పగా నేర్చినది. డెబ్బది ఏండ్ల మనిషి ఆ కుండను నెత్తిన పెట్టుకొని మెట్లు దిగుచుండగా, ఉద్దాలకుడు చూపిన మట్టికుండ నాకు జ్ఞప్తికి వచ్చినది. కుండ మాటచే ఏర్పడినదే, ఋషివాక్యము సత్యము. కాని మాటచే ఏర్పడినదానిని మాట నిలుపుకొనువారు మోయుచున్నప్పుడు దానికొక బరువు కలుగును. అక్కయ్య మెడ నరములు ఆ బరువునకు బిగిసియున్నవి. దీపము ఆరకుండ ఒక చేయి పైకి పట్టియున్నది. ప్రక్కయింటి ఆమె తన బోనముతో వాకిట నిలిచి, "పోదాం పా అక్కా, లైను పెరుగుతది" అన్నది. అప్పయ్య ఎవరో వారిద్దరిలో ఒకరికిని తెలియదేమో. అడుగవలెనని తోచి మానుకొంటిని. అతడు పడిన ఋణమును వారు తీర్చుచునే ఉన్నారు.

సోమవారము రంగము జరిగినది. పచ్చికుండ మీద, కాలని మట్టి మీద, ఒక స్త్రీ దేవత వైపు మొగమై నిలిచి పలుకగా జనులు చెవి యొగ్గి వినిరి. ఆమె అడుగుల క్రింద ఆ కుండ పగులలేదు.

ఇంటికి వచ్చునప్పటికి పిల్లవాని కాగితము శనివారము నాటి చోటనే ఉన్నది. ఊరు అన్న గడి ఖాళీగనే ఉన్నది. మరునాడు బడిలో ఇయ్యవలెనని వాడు తొందరపడుచున్నాడు. అక్కయ్య చేతులు తుడుచుకొనుచు వచ్చి వాని వెనుక నిలిచినది. గోళ్ల సందులలో పసుపు ఇంకను పోలేదు.

"నువ్వేది రాసినా ఫరవాలేదు నాయనా," అన్నది, "కింద మాత్రం మహంకాళి గుడి దగ్గర అని రాయి. ఎవరొచ్చినా మన ఇల్లు చూపిస్తారు."

వాడు మొదట ఆ మాటనే వ్రాసినాడు.